ప్రసాదము - పథ్యము

దేహము అనిత్యము, ఆత్మ నిత్యము అను మాట వైష్ణవ గృహములలో పసిపిల్లలకు సైతము తెలిసినదే. సర్వభారమును శ్రియఃపతి పాదములయందు ఉంచినవాడు ఈ దేహమును గూర్చి ఇక చింతింపనేల? ఇది తినదగినది, ఇది తినరానిది, ఇంత దూరము నడువవలెను, ఈ వేళకు నిద్ర లేవవలెను అని లెక్కలు వేసికొనుట దేహాభిమానము కాదా? అందులోను స్వామికి నివేదనమైన అన్నమును "ఇది నాకు పడదు" అని త్రోసివేయుట అపచారము కాదా? ఈ ప్రశ్నలను పలువురు నన్ను అడిగియున్నారు. సంస్కృతము చదువుకొన్నవాడను గనుక సమాధానము నాకు తెలిసియుండునని వారి నమ్మకము. ఒకప్పుడు నాకును ఆ నమ్మకము ఉండెను.

మాది నిజామాబాదు. పూర్వము దీనిని ఇందూరు అనెడివారు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగర నిర్మాణము మంజీర నీటిని కాలువలలోనికి మళ్లించిన పిదప మా ప్రాంతమున పొలములే గాక కంచములు కూడ మారినవి. మా తాతగారి బాల్యమున జొన్నరొట్టె, గటక, అంబలి నిత్యభోజనము. వరియన్నము పండుగనాటి మాట. కాలువ వచ్చినది, వరి వచ్చినది, చెరకు వచ్చినది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము ఏర్పడినది. దాని చుట్టు వెలసిన పేటకు శక్కర్‌నగర్ అనియే పేరు. చెరకు బండ్లు బారులు తీరి నిలిచియుండగా, బండివాని కన్ను కప్పి గడలు లాగుకొని నమలిన బాలురలో నేనును ఒకడను. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. "షుగర్ ఫ్యాక్టరీ పోయింది గని అయ్యగారూ, షుగర్ మాత్రం మా ఇండ్లల్లనే ఉన్నది" అని ఒక చెరకు రైతు నాతో అనెను. అతడు నవ్వుచు అన్నను నాకు నవ్వు రాలేదు. అప్పటికే ఆ వ్యాధి నా సహాధ్యాయిని పట్టియుండెను.

ఆయన పేరు చెప్పను. పాఠశాలలో నాతోపాటు అమరము, శబ్దమంజరి వల్లెవేసినవారు. బోధను సమీపమున ఒక గ్రామములో అర్చకులు. ఏబది యెనిమిదవ యేట మధుమేహము బయటపడినది. వైద్యుడు మాత్రలు వ్రాసియిచ్చి తీపి తగ్గింపుమనెను. ఆయన నా యింటికి వచ్చి, "స్వామీ, ప్రతిదినము చక్కెరపొంగలి నివేదన చేయువాడను. ప్రసాదమును నేనే వద్దన్నచో ఊరివారు ఏమనుకొందురు? పెరుమాళ్ళు ఏమనుకొనును?" అని అడిగిరి. నేను తడుముకొనక, "ప్రసాదమునకు దోషము అంటదు స్వామీ" అంటిని. ఆయన ముఖము వికసించినది. "మరి ఈ వ్యాధికి మన శాస్త్రమేమి చెప్పినది?" అనిరి. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున ప్రమేహ చికిత్సాధ్యాయము తీసి చదివి వినిపించితిని. ధనము, బంధువులు లేని ప్రమేహరోగి చెప్పులు, గొడుగు లేక, భిక్షాన్నము తినుచు, ఒక గ్రామమున ఒక రాత్రికి మించి నిలువక, మునివలె నూరు యోజనములు నడువవలెనని అచ్చట ఉన్నది. ఎంత సొగసైన చికిత్స! మన పాదయాత్రయే గదా ఇది అని మేమిద్దరమును మురిసిపోతిమి.

ఆ కార్తికమున ఆయన భీమగల్లు దగ్గరనున్న లింబాద్రిగుట్ట నరసింహస్వామి సన్నిధికి చెప్పులు లేకుండ నడిచి వెళ్లిరి. అరికాలున తుమ్మముల్లు దిగినది. నొప్పి తెలియలేదు. ఇంటికి తిరిగివచ్చిన మరునాడు వంటయింటి గచ్చుమీద రక్తపు అడుగులు చూచి ఆయన ఇల్లాలు కేకవేసినది. పుండు మానలేదు. పసుపు పెట్టిరి, వేపాకు కట్టిరి, దినములు గడచినవి. చివరకు హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో మోకాలి దిగువ కాలు తీసివేసిరి.

ఆ వార్త విన్న రాత్రి నేను సుశ్రుతమును మరల తెరచితిని. సూత్రస్థానమున, కుష్ఠరోగులకు, విషము సోకినవారికి, క్షయరోగులకు, మధుమేహులకు వ్రణములు అతికష్టము మీద మానునని స్పష్టముగా ఉన్నది. అది నాకు తెలియనిదా? విద్యార్థి దశయందే చదివియుంటిని. నడువుమన్న చోటు చదివి వినిపించితిని. మధుమేహికి పుండు మానదన్న చోటు చెప్పలేదు. నడువుమన్నది బంధువులు, ధనము లేనివానికి అను విశేషణమును కూడ అలంకారమువలె దాటవేసితిని. నా మిత్రునకు ఇల్లు కలదు, ఇల్లాలు కలదు, చెప్పులు కొనుటకు డబ్బు కలదు. జ్ఞానములో ఒక అవయవము తెలిసినంతమాత్రమున తెలియవలసినదంతయు తెలియబడదని చరకసంహితలో ఒక హెచ్చరిక ఉన్నది. దానిని నేను ఎన్ని సభలలో వ్యాఖ్యానించితినో లెక్కలేదు. ఇందులకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

వాత పిత్త కఫములను దోషములనుట విని, అవి దేహమునందలి మలినములని పలువురు తలంచుచుందురు. అది సరికాదు. అవి సమముగా ఉన్నంతకాలము దేహమును నిలుపునవి అవియే. చెడినప్పుడు చెరచునవియు అవియే. వాతము రూక్షము, చలము. పిత్తము ఉష్ణము, తీక్ష్ణము. కఫము గురువు, శీతము, మధురము, స్థిరము. సమానగుణము వలన వృద్ధి, విపరీతగుణము వలన తగ్గుదల. తీపి, పులుపు, ఉప్పు వాతమును శమింపజేయును. అవియే కఫమును పెంచును. వగరు, కారము, చేదు కఫమును తగ్గించును. అవియే వాతమును రేపును. కావున ఒకరికి పథ్యమైనది పక్క విస్తరిలోనివానికి అపథ్యము కావచ్చును. "అందరికిని మంచిది" అని చెప్పబడు పదార్థమును నేను అనుమానముతోనే చూచెదను.

ప్రమేహములు ఇరువది. కఫమువలన పది, పిత్తమువలన ఆరు, వాతమువలన నాలుగు. మధుమేహము ఈ చివరి నాలుగింటిలోనిది. వీనికి చరకుడు చెప్పిన నిదానము చూడుడు: కూర్చున్న చోటినుండి కదలని సుఖము, నిద్రాసుఖము, పెరుగు, పాలు, కొత్త ధాన్యపు అన్నము, బెల్లముతో చేసిన వికారములు, మరియు కఫమును పెంచునది ఏదైనను. బెల్లము పేరు అచ్చట స్పష్టముగా ఉన్నది. ఈ మధ్య మా ఊర, "తెల్ల చక్కెర విషము, బెల్లము సహజము, షుగరు ఉన్నవారు బెల్లము తినవచ్చును" అని చెప్పువారు ఎక్కువైరి. పాత బెల్లము హృదయమునకు హితమని, కొత్తది కఫమును పెంచి అగ్నిని మందగింపజేయునని వాగ్భటుడు అనిన మాట నిజమే. పాతదైనను మధుమేహి దానిని యథేచ్ఛగా తినవచ్చునని ఏ ఆచార్యుడును అనలేదు. రక్తములో చక్కెరను కొలుచు నేటి పరీక్షలు కూడ బెల్లమునకు మినహాయింపు ఇచ్చుటలేదు. ఈ విషయమున శాస్త్రమునకును నేటి వైద్యునకును తగవు లేదు. తగవు మన నాలుకతోనే.

చెరకును గూర్చి ఆయుర్వేదములో మరియొక ముచ్చట కలదు. పంటితో నమిలి మ్రింగిన రసము చల్లనిది, బలకరము. యంత్రముతో పిండినది దాహము పుట్టించునది. మొదలు, కొస, పురుగు తిన్న భాగము అన్నియు కలిసి నలుగుట, మురికి కలియుట, కొంతసేపు నిలువయుండుట ఇందుకు కారణములని వాగ్భటుడు చెప్పెను. నాకు తోచిన కారణము ఇంకొకటి. నమిలినచో దవడ నొచ్చును, ఒక గడతో చాలుననిపించును. యంత్రమునకు దవడ లేదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తును. దేహమును గూర్చి శ్రద్ధ వహించుట దేహాభిమానమా? భగవద్రామానుజులు శ్రీభాష్యమున శరీరమునకు లక్షణము చెప్పిరి. ఆత్మచేత ధరింపబడుట, ఆత్మచేత నియమింపబడుట, ఆత్మకు శేషమై యుండుట - ఇవి యున్నది శరీరము. ఇవియే లక్షణములతో ఈ జగత్తు పరమాత్మకు శరీరమైయున్నది. ఈ సిద్ధాంతము మనకు కంఠస్థమే. కాని భోజనము వేళ తిరగవేసి చూచుకొన్నామా? విస్తరి ముందు నియమించువాడెవడు, నియమింపబడునదేది? నాలుక ఆడించినట్లు ఆత్మ ఆడుచున్నచో ఏది ఎవరికి శరీరమైనట్లు? దేహమును నియమమునందు ఉంచుట దేహాభిమానము కాదు. అది దేహమును దేహముగా ఉంచుటయే. ఆ గ్రంథముననే భక్తికి చెప్పబడిన ఏడు సాధనములలో మొదటిది వివేకము. వివేకమనగా అచ్చట ఆహారశుద్ధిచేత కలుగు దేహశుద్ధి. చివరి రెండును అనవసాదము, అనుద్ధర్షము, అనగా క్రుంగిపోకుండుట, పొంగిపోకుండుట. మనస్సునకు సైతము సమత్వమే విధింపబడినది.

గీతాచార్యుడు జీవుల దేహములయందు తానే వైశ్వానరాగ్నియై నాలుగు విధములైన అన్నమును పచనము చేయుచున్నానని చెప్పెను. మనము పరిషేచనము చేసి, ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానములకు ఐదు ఆహుతులు వేయుచున్నాము. వైద్యశాస్త్రమున వాతమునకు చెప్పిన ఐదు రూపముల పేర్లు కూడ ఇవియే. అనగా భోజనము హోమము. హోమము చేయువాడు అగ్ని ఎంత ఉన్నదో చూచి సమిధలు వేయును. చిన్న నిప్పు మీద పెద్ద మోపు పడవేసినచో పొగయే మిగులును. కడుపులో రెండు భాగములు అన్నమునకు, ఒకటి ద్రవమునకు, నాలుగవది వాయుసంచారమునకు అని వాగ్భటుడు పెట్టిన లెక్క ఈ అగ్నిరక్షణకే.

అట్లయిన ప్రసాదము మాటయేమి? ప్రసాదమునకు దోషము అంటదని నేను చెప్పినది తప్పు కాదు. కాని ఆ వాక్యమును పొంగలి రెండవ గరిటెకు అనుమతి పత్రముగా వాడుట తప్పు. ఏ ఆలయములోనైనను తీర్థము ఉద్ధరిణితో ఇత్తురు, చెంబుతో కాదు. తులసి ఒక దళము. శఠారి శిరస్సుమీద ఒక క్షణము. ఒక మెతుకునందున్న ప్రసాదత్వము గంగాళమునందున్న దానికంటె తక్కువ అని ఎవడైనను అనగలడా? అనలేనిచో రెండవ గరిటె అడుగువాడు అడుగుచున్నది ప్రసాదమును కాదు, పొంగలిని. నేను ఈ మాట కఠినముగా వ్రాయుచున్నానని తోచవచ్చును. ముప్పది సంవత్సరములు రెండవ గరిటె అడిగినవాడను నేను.

"ప్రహ్లాదునకు విషము సైతము జీర్ణమైనది గదా, విశ్వాసమున్నచో చక్కెర ఏమి చేయును?" అని ఒక భక్తుడు నాతో వాదించెను. నిజమే. అయితే ప్రహ్లాదుడు విషము కావలెనని వంటవారి యొద్దకు పాత్ర పట్టుకొని పోలేదు. బలాత్కారముగా పెట్టిరి, భగవంతుని స్మరించి తినెను. తెలిసియు, నిగ్రహము తప్పి, హితము మరచి చేయు పనిని చరకుడు ప్రజ్ఞాపరాధము అనెను. రోగములకు మూలము అదియే అనెను. ఆకలి, దప్పి, నిద్రవంటి దేహవేగములను ఆపవద్దని, లోభము, క్రోధమువంటి మనోవేగములను ఆపవలెనని ఆ శాస్త్రము విభజించినది. పొంగలియందలి ఆశ ఏ పట్టికలోనిదో ఎవరికి వారే చూచుకొనవలెను.

ఏకాదశి విషయమున దీనికి విపరీతమైన ప్రమాదము కలదు. నా మిత్రుడు మధుమేహపు మాత్ర వేసికొని నిరాహారముగా ఉండి ఒకసారి గర్భాలయములోనే కూలబడిరి. రక్తములో చక్కెర మితిమీరి పడిపోయినదని వైద్యుడు చెప్పెను. ఆ మరునాడు ద్వాదశి పారణమున లోటంతయు తీర్చుకొనిరి. అతిగా తినువానికిని బొత్తిగా తిననివానికిని యోగము లేదని గీతలో ఉన్నది. దేహమును కృశింపజేయు ఘోరతపస్సు లోనున్న తననే బాధించునని కూడ భగవంతుడు అదే గ్రంథమున పలికెను. నీరు, మూలము, ఫలము, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము - ఈ ఎనిమిదియు వ్రతమును భంగపరుపవని మహాభారతము ఉద్యోగపర్వమున చెప్పబడినది. ఔషధము పేరు అందులో ఉన్నదని గమనింపుడు. సూదిమందు తీసికొన్నచో ఉపవాసము చెడునని భయపడు తల్లులు ఈ వాక్యమును తెలిసికొనవలెను. అసలు ఉపవాసము ఉండవచ్చునా అన్నది వైద్యుని అడుగవలెను.

మా బోధనునే ఏకచక్రపురమని స్థానికులు చెప్పుకొందురు. బండెడు అన్నమును, దానిని తెచ్చిన మనిషిని తినుచుండిన బకాసురుడు ఇచ్చటివాడేనట. వానిని చంపినవాడు భీముడు. చంపుటకు ముందు వాని బండి అన్నము తానే తినెను. ఆ భీముడే, తన కడుపులో వృకాగ్ని మండుచున్నందున ఏకాదశులన్నియు ఉండలేనని మొరపెట్టుకొనగా, వ్యాసమహర్షి జ్యేష్ఠ శుద్ధమున నిర్జలైకాదశి ఒక్కటి చాలునని చెప్పినట్లు పురాణగాథ. మహర్షి భీమునకు భక్తి లేదని అనలేదు. అతని అగ్నిని చూచి విధిని చెప్పెను.

దినచర్యను గూర్చి కొంచెము. బ్రాహ్మీముహూర్తమున లేచుట, వేప లేక కానుగ పుల్లతో పండ్లు తోముట, తలంటు, నలుగు - ఇవి మన ఇండ్లలో పండుగనాటి ముచ్చటలుగా మిగిలినవి. నలుగునకు శాస్త్రమున ఉద్వర్తనమని పేరు. అది కఫమును హరించును, మేదస్సును కరగించును. వ్యాయామము తన బలములో సగమువరకే. గ్రీష్మమున తప్ప పగటినిద్ర కఫమును పెంచును; భోజనమైన వెంటనే పడక చేరు నా వంటి విశ్రాంత ఉద్యోగులు దీనిని ఒకటికి రెండుసార్లు చదువవలెను. ధనుర్మాసమున తెల్లవారుజామున మిరియాలు, నేయి వేసిన పొంగలి నివేదించుట ఎంత సముచితము! హేమంతమున రాత్రులు దీర్ఘములు, జఠరాగ్ని ప్రబలము, ఉదయముననే ఆకలియగునని ఋతుచర్యలో ఉన్నది. వసంతమున, శీతకాలమున కూడిన కఫము ఎండకు కరగి అగ్నిని చల్లార్చు వేళ, శ్రీరామనవమికి మిరియాలు వేసిన పానకమును తేలికైన పెసర వడపప్పును వచ్చును. అయితే ప్రతి వ్రతమునకును వైద్యకారణము వెదకువారితో నేను ఏకీభవింపను. వ్రతము భగవత్ప్రీత్యర్థము, ఆరోగ్యము కలిగిన కలుగుగాక.

మా జిల్లా నేల వింత ఏమనగా, చెరకు పండిన చోటనే పసుపును పండును. నిజామాబాదు పసుపు అంగడి దేశమెల్ల ఎరిగినది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ఈ పట్టణము కేంద్రముగా ఆరంభమైనది. ప్రమేహమునకు ఉసిరిక, పసుపు జోడును వాగ్భటుడు శ్రేష్ఠముగా పేర్కొనెను. ధాన్యములలో యవలను ప్రధానముగా చెప్పిరి. ఇట్లు వ్రాయుచుండగా నా చేయి వణకుచున్నది. పసుపు మ్రింగి మాత్రలు మానివేయువారు ఎవరైనను ఇది చదువుదురేమో! వైద్యుని మందు మానవలదు, పాదములను ప్రతిరాత్రి దీపము వెలుతురున చూచుకొనవలెను, మధుమేహి చెప్పులు లేక నడువరాదు. సన్నిధి ద్వారమువరకు చెప్పులతో వచ్చినందున నరసింహస్వామి కోపింపడు.

కాలు పోయిన తరువాత మిత్రుని చూడబోతిని. ముఖమంటపమున కుర్చీలో కూర్చుండి, లోపల కుమారుడు చేయు ఆరాధనమును చూచుచుండిరి. నేను చదువక విడిచిన వాక్యమును గూర్చి చెప్పి క్షమింపుమంటిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప, "స్వామీ, మీరు సగము చదివితిరి. నేను అందులో సగము వింటిని. మాత్రల మాట, తీపి మాట వైద్యుడు ఎన్నిమార్లు చెప్పలేదు? అది వినబడలేదు. ప్రసాదమునకు దోషము లేదన్నది మాత్రము వినబడినది" అనిరి. ఆయన నన్ను ఓదార్చుటకు అన్నారో, నిజముగా అన్నారో నేటికిని నాకు తెలియదు. ఆయన పరమపదించి మూడేండ్లయినది.

గత ధనుర్మాసమున ఆ ఆలయమునకు వెళ్లితిని. ఆయన కుమారుడు గోష్ఠి ముగించి ప్రసాదము పంచుచు, నా వంతు రాగా అరచేతిలో ఉసిరికాయంత పొంగలి పెట్టెను. పక్కనున్న పిల్లలకు దోసెడు పెట్టెను. నా వ్యాధిని గూర్చి నేను అతనికి ఏమియు చెప్పియుండలేదు. చివరి రెండేండ్లు తండ్రికి అతడు పెట్టిన కొలత అదియేనట. పెద్దవారి చేయి కనబడగానే గరిటె దానంతట అదియే ఆగుననెను.